రాక్షసుని బిలము – వాకిట నిలిచినవారు

క్రిందటి యేడు వినాయక చవితి వెళ్ళిన కొన్ని దినములకు, మా పాఠశాలలో చదువుచున్న ఒక బాలుని తండ్రిగారు మమ్ము చూడవచ్చి తమ సందేహమొకటి వెలిబుచ్చిరి. చవితినాడు వారింట శమంతకోపాఖ్యానము చదివి, దానికి భాగవతములోని వివరములు కొన్ని చేర్చి పిల్లవానికి చెప్పిరట. గుహ, చీకటి, ఎలుగుబంటి అను మాటలు విన్న పిల్లవాడు ఆ రాత్రి దీపము ఆర్పనీయలేదట. “ఈ గుహలూ, రాక్షసులూ, మాంత్రికులూ మన పిల్లలకెందుకండీ? భయం తప్ప ఏమొస్తుంది? ఆ గంటసేపూ నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పితే పనికొస్తాయి కదా!” అని వారడిగిరి.

ఆనాడు మేము వారికి తృప్తికరమైన సమాధానము చెప్పజాలకపోతిమి. తరువాత ఆలోచింపగా ఆ ప్రశ్న ఆ యొక్క తండ్రిది మాత్రమే కాదనియు, బరంపురములోను గంజాము జిల్లా గ్రామములలోను నివసించు ప్రతి తెలుగు కుటుంబమునకును సంబంధించినదనియు మాకు తోచినది. కావున ఆలస్యముగానైనను ఆ సమాధానమును ఈ వార్షిక సంచికలో తల్లిదండ్రులందరి యెదుట నుంచుచున్నాము.

బిలమనగా నేమి?

భూమిక్రింది తావులకు తెలుగున పేరులు మెండు. జంతువు త్రవ్వుకొన్నది బొరియ. చెదలు పెట్టగా పాము చేరునది పుట్ట. కొండలో తానై యేర్పడినది గుహ. మనుష్యుడు త్రవ్వినది సొరంగము. లోపలి పొడవు ఇంతయని తెలియరానిది బిలము. అన్నింటికిని అడుగున నున్నది పాతాళము. ఇన్ని పేరులుండుటయే, మన పూర్వులు ఈ విషయమును గూర్చి ఎంతగా తలపోసిరో తెలుపుచున్నది.

ఆ తలపోతకు కారణములు మన చుట్టునే కలవు. బరంపురమునుండి పడమటి కొండలవైపు పోయిన తప్తపాని వద్ద భూమిలోనుండి వేడినీరు ఊరుచుండును. గంధకపు వాసన గల ఆ నీటిని చూచిన బాలుడు “క్రింద ఎవరు పొయ్యి పెట్టారు?” అని అడుగక మానడు. తూర్పు కనుమల రాతిగుహలలో ఎలుగుబంట్లు పగలు నిద్రించి, చీకటి పడగానే మేతకు వెలువడుట మన పల్లెవారికి తెలిసిన విషయము. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయు పిల్లకు, ఆ రంధ్రము లోపల ఒక ప్రాణి యున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. నేల యడుగున మనకు కానరాని జీవితమొకటి కలదని పిల్లలకు మొదట చెప్పునది కథ కాదు, ప్రకృతియే. కథ ఆ యెరుకకు ఒక రూపమిచ్చుచున్నది.

అయితే మన పురాణములలోని అధోలోకము కేవలము ఎముకల కుప్పయు, చీకటి కొట్టును కాదు. భాగవతము పంచమ స్కంధమున అతలము మొదలు పాతాళము వరకు గల ఏడు లోకములను వర్ణించుచు, వానిని బిలస్వర్గములని పేర్కొన్నది. అచట సూర్యుడు లేడు. మహాసర్పముల పడగలమీది మణులే వెలుగునిచ్చును. మయుడు కట్టిన పట్టణములు, ఉద్యానములు స్వర్గమును మించి యుండునట. బలి చక్రవర్తి నివాసమైన సుతలమును ఆ యేడింటిలో నొకటి. రామాయణము కిష్కింధాకాండలో సీతను వెదకుచు దప్పికగొన్న వానరులు ఋక్షబిలమను గుహలో ప్రవేశింతురు. లోపల బంగారు చెట్లు, తేనె, ఫలములు, స్వయంప్రభ యను తాపసి కనుపించును. ఆమె వారిని ఆదరించినది. కాని అందు ప్రవేశించినవాడు తన శక్తిచే వెలికి రాలేడు. కన్నులు మూసికొండని చెప్పి ఆమెయే వారిని వెలుపలకు చేర్చినది. బయటపడిన పిమ్మట గాని తమకిచ్చిన గడువు దాటినదని వారికి తెలియలేదు. హనుమంతుడు సముద్రమును లంఘించుటకు పాదమూనిన పర్వతము మహేంద్రమని ఆ కావ్యమే చెప్పుచున్నది. ఆ పేరు గల గిరి 1992 వరకు మన గంజాము జిల్లాలో నుండి, నేడు గజపతి జిల్లాలో నున్నది.

దీనినిబట్టి బిలమునందలి అపాయము రెండు విధములని గ్రహింపవలెను. భయపెట్టి పట్టుకొనునది యొకటి; మరపించి పట్టుకొనునది మరొకటి. రెండవదే మొదటిదానికంటె కఠినము.

తాళము తీయునది మాట

మన కథలలో రాక్షసుని బిలమునకు ఒక కట్టుబాటు కలదు. దాని ద్వారము సామాన్యమైన చోట నుండదు. దానికి కావలి యుండును. లోపల ఒక బందీ యుండును. రాక్షసుని ప్రాణము అతని దేహమునందు గాక వేరొకచోట దాగియుండును. ఈ నాలుగును చక్కగా కుదిరిన కథ మైరావణ చరిత్ర. ఇది వాల్మీకి రామాయణమున లేదు; తోలుబొమ్మలాటల ద్వారమునను పెద్దల నోటను మన జనులకు ప్రియమైనది. హనుమంతుడు తన తోకను కోటగా చుట్టి సేనను కాచుచుండగా, మైరావణుడు విభీషణుని వేషమున లోనికి వచ్చి రామలక్ష్మణులను పాతాళలంకకు కొనిపోవును. హనుమంతుడు తామరతూడు దారిని దిగిపోవును. అచట అతని నెదిరించు ద్వారపాలకుడు మత్స్యవల్లభుడు అతని కుమారుడే. రాక్షసుని ప్రాణములు తుమ్మెదలలో నున్నవని తెలిసికొన్న పిదపగాని మైరావణుడు చావడు.

ఆ రహస్యమును హనుమంతునకు తెలియజేసినదెవరు? మైరావణుని సోదరి దుర్దండి. తన కొడుకు చెరలో నున్నాడన్న దుఃఖముతో ఆమె నోరు విప్పినది. బుర్రకథలుగ పాడబడి, 1942లో జెమినీ వారిచే చలనచిత్రముగ తీయబడిన బాలనాగమ్మ కథలోను ఇట్లే జరుగును. మాయల మరాఠీ ప్రాణము సప్తసముద్రముల కావల చిలుకలో నున్నదని, వాని నోటనే పలికించినది బందీగా నున్న బాలనాగమ్మ. ఊయలలో విడిచిన కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వచ్చి ఆ చిలుకను సాధించును. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల నాధారముగ గొని 1951లో విజయా వారు నిర్మించిన పాతాళభైరవిలో, నేపాళ మాంత్రికుడు తోటరాముని బలి యిచ్చుటకే పాతాళభైరవి గుహకు తెచ్చెనని చెప్పినది, శాపవశమున మొసలియైయుండి రామునిచే విముక్తి పొందిన కన్య.

తల్లిదండ్రులు గమనింపదగిన విషయమిది. హనుమంతుని బలమైనను, తోటరాముని సాహసమైనను ఒంటరిగా బిలమును ఛేదింపలేదు. ప్రతి కథలోను తాళము తీయునది మాట. లోపలివారి దుఃఖమును వినగలిగినవానికే, వారి పలుకును గ్రహింపగలిగినవానికే రహస్యము లభించినది. ఈ కథలు పిల్లలకు నేర్పునది కత్తిసాము కాదు, వినుట.

వాకిట నిలిచినవారు

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తుము. వారు వచ్చిపోయిన తరువాత మేము ఆ బాలుని చేరబిలిచి, ఎలుగుబంటిని తలచుకొని భయపడితివా యని యడిగితిమి. పిల్లవాడు తల అడ్డముగా త్రిప్పి, “ఎలుగుబంటికి కాదు సార్. బయట ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు?” అనెను.

మేము నిర్విణ్ణులమైతిమి. కథను పలుమారులు చెప్పిన మాకు తట్టని విషయమది. శమంతకమణి కొరకు తనమీద పడిన నిందను బాపుకొనుటకై శ్రీకృష్ణుడు అడవికి పోయి, తన వెంట వచ్చినవారిని బిలద్వారమున నుంచి, ఒంటరిగా చీకటిలో ప్రవేశించెను. లోపల మణి ఒక శిశువునకు ఆటవస్తువై యుండెను. దాది కేక విని జాంబవంతుడు పైబడెను. ఇరువది యెనిమిది దినములు యుద్ధము జరిగెను. కాని బయట నున్నవారు పండ్రెండు దినములు చూచి, ఆశ వదలుకొని, దుఃఖించుచు ద్వారకకు మరలిపోయిరని భాగవతము చెప్పుచున్నది. పదమూడవ దినమునుండి బిలద్వారమున నెవ్వరును లేరు! పెద్దలమైన మనము లోపలి యుద్ధమును చూచుచుంటిమి. పిల్లవాడు శూన్యమైన వాకిలిని చూచెను. వాని భయము రాక్షసుని గూర్చి కాదు. తాను లోపల నున్నప్పుడు తనవారు బయట నిలుతురా యన్నదే వాని భయము.

ఈ దృష్టితో చూచిన బిలకథలన్నియు కొత్తగా కనుపించును. కిష్కింధాకాండలోనే మాయావి యను అసురుడు రాత్రివేళ వచ్చి వాలిని యుద్ధమునకు పిలిచి, పారిపోయి ఒక బిలమున దూరును. వాలి తమ్ముని ద్వారమున నిలిపి లోనికి పోవును. ఏడాదికి పైగా సుగ్రీవుడు కాచియుండెను. పిమ్మట బిలమునుండి నురుగుతో కూడిన రక్తము వెలువడెను. అసురుల అరపులు వినబడెను. అన్న కంఠము వినబడలేదు. అన్న మరణించెనని తలచి సుగ్రీవుడు కొండవంటి రాతితో ద్వారమును మూసి, ఉదకములు విడిచి, ఊరికి మరలెను. ఆ రక్తము అసురునిది. జయించి వచ్చిన వాలికి మూసిన వాకిలి యెదురయ్యెను. ఎంత పిలిచినను పలుకలేదు. రాతిని కాలితో తన్ని వెలువడి, ఇంటికి వచ్చి చూడగా తమ్ముడు సింహాసనముపై నుండెను. ఆ తరువాత జరిగిన అనర్థము మీరెరిగినదే.

సుగ్రీవుడు దుష్టుడు కాడు. ఏడాదికి పైగా నిలిచినవానిని దుష్టుడని యెట్లందుము? అతడు ఒక గుర్తును తప్పుగా చదివెను. అంతే.

ఇతర దేశముల కథలలోను ఇట్టి ఘట్టమే కనుపించుట ఆశ్చర్యకరము. ఆంగ్లేయుల ప్రాచీన కావ్యమైన బేవుల్ఫ్‌లో, గ్రెండెల్ అను రాక్షసుని తల్లి ఒక భయంకరమైన మడుగు అడుగున గుహలో నివసించును. వీరుడు నీటిలో దూకి పోరాడుచుండగా మడుగులో నెత్తురు తేలును. గట్టుమీద నున్న డేనుల రాజు హ్రోత్‌గారును, అతని పరివారమును వీరుడు చచ్చెనని తలచి వెడలిపోవుదురు. వీరునితో వచ్చిన స్వజనులు మాత్రము ఆశ లేకయే, నీటివంక చూచుచు అచటనే కూర్చుందురు. అతడు పైకి వచ్చినప్పుడు ఎదురైనవారు వారే. గ్రీకుల కథలో థీసియస్ చిక్కుదారుల మందిరమున మినొటార్ అను వృషభముఖ రాక్షసుని చంపి, దారి తప్పకుండ అరియాడ్నె యిచ్చిన నూలుండ సాయమున వెలువడును. క్షేమముగా మరలినచో తెల్లని తెరచాప కట్టెదనని తండ్రికి మాట యిచ్చి, మరచిపోవును. తీరమున కాచియున్న ముసలి తండ్రి ఏజియస్ నల్లని తెరచాపను చూచి, కొడుకు చచ్చెనని సముద్రమున పడి ప్రాణము విడుచును. కొడుకు జీవించియే యున్నాడు! ఇచ్చటను గుర్తు తప్పుగా చదువబడినది.

నేటి పిల్లలు మిక్కిలి యిష్టపడు హ్యారీ పాటర్ గ్రంథములలో రెండవది 1998లో వెలువడినది. అందు మహాసర్పముండు రహస్య మందిరము ఒక పాఠశాల అడుగుననే యుండును. చెరపట్టబడిన బాలికకై హ్యారీ పోవుచుండగా నడుమ రాళ్ళు కూలి దారి మూసికొనును. స్నేహితుడైన రాన్ ఇవతల చిక్కును. అతడు కూర్చుండి యేడ్వలేదు, వెడలిపోలేదు. వారు తిరిగి వచ్చునప్పటికి సందు కావలెనని ఒక్కొక్క రాయినే తొలగించుచుండెను. ఆ సందులోనుండియే చెల్లెలును, స్నేహితుడును బయటపడిరి. సుగ్రీవుడు రాయి పెట్టినచోట ఈ బాలుడు రాయి తీసెను. ఇన్ని యుగముల కథలలోను, ఇన్ని దేశములలోను ప్రశ్న యొక్కటే: బిలద్వారమున నున్నవారు ఏమి చేసిరి?

మన వాకిలి

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడి, గంజాము ప్రాంతము మదరాసు రాజధానినుండి విడివడినది. నాటినుండి ఇచ్చటి తెలుగువారి పిల్లలు వీధిలో ఒక భాష, ఇంట నొక భాష, చదువులో మరి రెండు భాషలు నడుపుకొనుచు పెరుగుచున్నారు. బాలురకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కాని శాసనము పాఠశాలను ఈయగలదు. ఇంటిలో కథ చెప్పు నోటిని ఈయజాలదు.

ఒక మాట స్పష్టపరుపవలెను. ఈ పోలికలో ఒడియా భాష రాక్షసి కాదు. ఇంగ్లీషు అంతకంటె కాదు. అవి మన పిల్లలకు అన్నము పెట్టు భాషలు. ఒడియా మన పొరుగింటి పెద్దమ్మ భాష. ఇందుకు నిదర్శనము మన జిల్లాలోనే కలదు. ఋషికుల్యా తీరమున నున్న జౌగడలో అశోకుని శాసనములు చెక్కిన శిల కలదు. జౌ అనగా లక్క. ఆ కోట లక్కతో కట్టబడినదనియు, పాండవుల లక్కయిల్లు అదియేయనియు స్థానికులు చెప్పుకొందురు. ఆ లక్కయింటి కథలో పాండవులు ప్రాణములు దక్కించుకొన్నది సొరంగమువలన. విదురుడు పంపిన ఖనకుడు దానిని ముందుగనే త్రవ్వియుంచెను. రానున్న అపాయమును విదురుడు ధర్మరాజునకు తెలిపినది ఇతరులకు తెలియని మ్లేచ్ఛభాషలోననియు, ప్రక్కనున్న కుంతికి సహితము అది బోధపడలేదనియు వ్యాసభారతము చెప్పుచున్నది. ధర్మరాజు రెండవ భాష యెరిగినవాడగుటచేతనే కుటుంబము బ్రదికినది. కావున పరభాషలు నేర్చుకొనుట కీడని మేమెన్నడును అనము. ఆ సమయమున ధర్మరాజు తన తల్లితో మాటలాడు భాషను మరువలేదన్నదే మేము చేర్చదలచినది. అతడు విన్నదానిని ఆమెకు తెలియు మాటలలో విప్పి చెప్పెను.

మన భయమునకు పాత్రమైన రాక్షసి వేరొకతె. ఆమె పేరు మౌనము. తాత చెప్పునది మనుమనికి తెలియదు. మనుమడు చెప్పునది తాతకు వినబడదు. ఇద్దరును ఒకే గదిలో కూర్చుండి చెరియొక తెరను చూచుచుందురు. ఇదియే మరపించి పట్టుకొను బిలము. ఇందు బంగారు చెట్లును గలవు, తేనెయును గలదు. బయటపడిన పిమ్మట గాని గడువు దాటినదని తెలియదు.

ఈ బిలద్వారమున నున్న తల్లిదండ్రులకు కొన్ని గుర్తులు కానవచ్చును. తెలుగు చదువ మొదలిడి రెండేండ్లయినను పిల్లవాడు గుణింతములలో తడబడును. “భాలు గుంఫాలో ఉంది” అని సగము ఒడియాలో వాక్యము ముగించును. బంధువులు నవ్వుదురు. అప్పుడు తల్లిదండ్రులు “ఇక లాభము లేదు” అనుకొని, ఇంటిలో తెలుగు మాటలాడుటయే మానివేయుదురు. అయ్యా! ఆ నురుగుతో కూడిన రక్తము మీ బిడ్డది కాదేమో చూడుడు. మాటలు కలియుట ఓటమికి గుర్తు కాదు. లోపల యుద్ధము సాగుచున్నదనుటకు గుర్తు. భాలు అన్న పిల్లవానికి “అవును, ఎలుగుబంటి గుహలోనే ఉంది” అని తెలుగుమాట నందిచ్చి కథ సాగింపుడు. వాక్యము నడుమ ఆపి తప్పుపట్టకుడు. అది రాయి తీయుట. నవ్వుట, విసుగుకొనుట, మానిపించుట – ఇవి రాయి పెట్టుట.

కథ చెప్పు విధము

మా అనుభవమునుబట్టి తల్లిదండ్రులకు కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది, రాక్షసుని కథను మొదలిడిన రాత్రియే ముగింపవలెను. బిడ్డ నిద్రించులోపల కథలోనివారందరును బిలమునుండి వెలువడి ఇల్లు చేరవలెను. గుహ నడుమ కథ నాపి, “మిగిలినది రేపు” అని దీపమార్పుటవలననే పిల్లలు భయపడుచున్నారు. కథ పెద్దదైనచో ఆనాటి భాగమును వెలుతురున్న చోట నాపవలెను.

రెండవది, అన్నము తినని బిడ్డను “రాక్షసుడు పట్టుకుపోతాడు” అని బెదరింపరాదు. కథలోని రాక్షసుడు చివరకు ఓడును. బెదరింపులోని రాక్షసుడు ఎన్నటికిని ఓడడు. అట్టివాడు పిల్లవాని మంచముక్రిందనే కాపురముండును. మన బరంపురమున రెండేండ్ల కొకసారి జరుగు ఠాకురాణి యాత్రలో వీధులవెంట నిలిపిన పురాణ ప్రతిమలను, పులివేషములను చూడని పిల్లలుండరు. తండ్రి భుజముమీద కూర్చున్న పసివాడు ఆ కోరలను చూచి కేరింతలు కొట్టును. రాక్షసుడు మారలేదు, ఆనుకొన్న భుజము కలదు, అంతియే. కథ చెప్పువాని కంఠము కూడ అట్టి భుజమే.

మూడవది, వయస్సునుబట్టి కథ నెన్నుకొనవలెను. ఏడెనిమిదేండ్లలోపు వారికి జాంబవంతుని గుహ చాలును. అందు చివర శత్రువే బంధువగును. తొమ్మిది పదియేండ్ల వారు మైరావణుని కథలోని కావలిని, తుమ్మెదలను, తామరతూడును మిక్కిలి మెచ్చుకొందురు. వాలిసుగ్రీవుల కథ పండ్రెండేండ్లు దాటినవారికి చెప్పి, “నీవైతే ఏం చేసేవాడివి?” అని యడుగుడు. మేము తరగతిలో అడుగగా కొందరు సుగ్రీవుని పక్షమున, కొందరు వాలి పక్షమున గంటసేపు తెలుగున వాదించిరి. వ్యాసరచనకు విషయమిచ్చినప్పుడు నాలుగు పంక్తులు వ్రాయనివారే అట్లు వాదించిరి.

నాలుగవది, ఒడియా కథలను తోసిపుచ్చరాదు. పొరుగింటి ముసలమ్మ చెప్పు అసురుణి కథను విని వచ్చిన పిల్లను, దానిని నాయనమ్మకు తెలుగులో చెప్పుమనవలెను. 1947లో మదరాసున మొదలైన చందమామ తెలుగువారికి కథల గనియైనది. అందు దాసరి సుబ్రహ్మణ్యముగారు తమ పేరు లేకుండ వ్రాసిన తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలగు ధారావాహికలు ఒక తరమువారిని నెలనెలా ఎదురుచూచునట్లు చేసినవి. ఆ పత్రికయే జహ్నమాము అను పేర ఒడియాలోను వెలువడెడిది. ఒకే బొమ్మ క్రింద రెండు లిపులు! ఆ పత్రిక యిప్పుడు రాకున్నను, పాత సంచికలు పెక్కిండ్ల అటకలమీద నున్నవి. వానిని దింపి దుమ్ము దులుపవలెను.

ఐదవది, కథ ముగిసిన పిదప బిలమునకు పటము గీయుమనవలెను. ద్వారమెక్కడ, కావలి యెక్కడ, బందీ యెక్కడ, తిరిగి వచ్చు దారి యెక్కడ అని పేరులు తెలుగులో వ్రాయింపవలెను. పటములో బయట నిలిచినవారిని గూడ గీయుమని చెప్పుట మరువరాదు.

ఈ సూచనలలో కొన్నింటిని మేము ఆ తండ్రిగారికి తెలిపితిమి. వారు ఒక సాయంకాలము కథను మరల మొదటినుండి చెప్పిరట. పండ్రెండవ దినము వచ్చునప్పటికి పిల్లవాడు కథ నాపి, “నాన్నా, నువ్వైతే ఎన్ని రోజులు ఉంటావు?” అని యడిగెనట. “ఇరవయ్యెనిమిది రోజులూ ఉంటాను. ఆ తరువాత కూడా ఉంటాను” అని వారు చెప్పిరట. ఆ రాత్రి దీపము పిల్లవాడే ఆర్పెనని చెప్పుటకు వారు మరల మా పాఠశాలకు వచ్చిరి.

ఇంగ్లీషు మాటలను గూర్చి వారప్పుడేమియు అడుగలేదు. అవి తరగతిలో ఎటులనో వచ్చుచున్నవి. మన బిడ్డలు ఎన్నెన్నో బిలములలోనికి పోవలసియున్నది. క్రొత్త భాషలు, దూరపు ఊళ్ళు, మనకు తెలియని విద్యలు. వారితో లోనికి పోవుట మనకు సాధ్యము కాదు. వాకిట నిలుచుట సాధ్యము. వారు తిరిగి వచ్చి పిలిచినప్పుడు, వారి పిలుపు వినబడునంత దగ్గరలో, వారికి తెలిసిన భాషలో బదులు పలుకుటకు మనముండవలెను.